తోక మోటారు దగ్గు

మొదటి దగ్గు మాసయ్య చెవికంటే ముందు అతను కూర్చున్న చెక్కకు తెలిసింది. చెక్క ఉలికిపడింది. వెనకాలే రెండో దగ్గు, మూడోది, ఆపైన చుట్టపొగ పొలమారిన ముసలివాడిలా రెండు ఈలలు, ఇక మౌనం. పడవ వెనక్కి తోకలాగా బిగించి ఉన్న మోటారు, ఆయుధపూజ అయిన ఈ నాలుగు రోజుల్లో నాలుగోసారి, కృష్ణ నడుమ నోరు మూసుకుంది. అది నోరు మూసుకోగానే అంతదాకా దాని చప్పుడు కింద అణిగి పడున్నవన్నీ ఒక్కొక్కటే తలెత్తాయి, పడవ పక్కలను నాకుతున్న నీళ్ళు, ముందు కూర్చున్న పేష్కారు గొడుగు బట్ట టపటప, వెనక వస్తున్న హన్మంతు గుండ్రటి పుట్టిలో తెడ్డు చప్పుడు, వాటన్నిటికీ వెనక గుండ్లరేవులో ఒక ఎద్దు మెడగంట. మిగతావన్నీ నది చప్పుళ్ళే, వాటితో మాసయ్యకు పేచీ లేదు. ఆ గంటే పనికిరాదు. ఆ ఎద్దును కట్టిన బండిలో, మోటారును పడుకోబెట్టడానికని, పొద్దున్నే వరిగడ్డి పరిచిపెట్టారు. ప్రాణమున్నదాన్ని ఎదురుగా పెట్టుకొని ఎవరైనా గడ్డి పరుస్తారా, దాని చెవిన పడితే ఏమనుకుంటుంది, అందుకే అలిగిందా, కాదు, అలకలూ కులుకులూ అన్నీ నువ్వు అల్లుతున్నవే మాసయ్యా, దానికి అలగడం రాదు, దానికి ఏదో అందడం లేదు, అంతే.

షరతు మాత్రం చిన్నది. సంస్థానం పేష్కారు వెంకట్రాములు కాగితం పట్టుకొని రేవులో అందరి ముందూ చదివాడు, లడాయి రోజులు గనుక ఇనుము, ఇత్తడి కావాలని, గుండ్లరేవు మోటారు పనిచేయడం లేదని ఫిర్యాదు అందిందని, అది నడిచి అవతలి గట్టు ముట్టి మళ్ళీ ఇవతలికి వస్తే రేవులోనే ఉంచాలని, రాకపోతే బండికెక్కించి గద్వాల స్టేషనుకు చేర్చాలని. ఫిర్యాదు చేసిందెవరో కాగితంలో లేదు. కానీ ఆ మాట వచ్చేసరికి మాసయ్య బామ్మర్ది హన్మంతు, రేవులో మిగిలిన ఒకే ఒక పుట్టికి యజమాని, తలెత్తి ఆకాశంలో కొంగలను లెక్కపెట్టసాగాడు. నడుమ మోటారు ఆగితే లాక్కురావడానికి పుట్టి వెంట ఉండాలన్నాడు పేష్కారు. పుట్టి పగ్గం పడవను తాకిందా, పరీక్ష అక్కడికి ముగిసినట్టే. హన్మంతు పొద్దున పగ్గాన్ని నీళ్ళలో నానబెట్టి, మెత్తగా చేసి, చుట్టలు చుట్టి భుజానికి వేసుకున్నాడు. ఇల్లరికం అల్లుడు పంచె సర్దుకున్నట్టు దాన్ని ఊరికే సర్దుకుంటూ ఉన్నాడు.

"ఏమాయె మాసయ్యా, ఆగెనా?" అన్నాడు పేష్కారు, వెనక్కి తిరక్కుండానే. ఎండ వీపున కొడుతున్నదని గొడుగు వెనక్కి వాల్చుకొని అవతలి గట్టుకేసి కూర్చున్నాడు; మాసయ్యకు కనిపించేది నల్లటి గొడుగే తప్ప మనిషి కాదు.

"ఆగలే పేష్కార్ సాబ్. జర దమ్ము తీసుకుంటున్నది."

"బావా, పగ్గం ఎయ్యాల్నా?" వెనకనుంచి హన్మంతు.

"నీ పగ్గం నీ మొలకు సుట్టుకోరా! జారిపోతున్నది ధోతి!"

హన్మంతు నిజంగానే మొలకేసి చూసుకున్నాడు. అంత మేరకు గెలుపే. కానీ నీళ్ళు మాటలకు ఆగవు. పడవ ముక్కు మెల్లగా దిగువకు తిరుగుతున్నది. దిగువన, నది నట్టనడుమ, నీళ్ళాడే బర్రె వీపులాగా నడిమిగుండు నల్లగా కనిపిస్తున్నది. దాన్ని దాటితే కోరబండలు. అక్కడ పుట్టి అయితే గిరగిరా తిరిగి తప్పుకుంటుంది, చెక్కపడవ మాత్రం పలకలు పలకలుగా అవతలికి పోతుంది. గుండు దాకా పోయేంత సేపే ఉంది అతనికి. ఆ తర్వాత ఎంత మొండివాడైనా, ముందు కూర్చున్న పేష్కారుకు ఇంటి దగ్గరున్న పెండ్లాం బిడ్డల మొహం చూసైనా, పగ్గం పట్టుకోవలసిందే.

ఎడమచేత్తో తాడు అందుకున్నాడు. మోటారు నెత్తిన ఇనుప చక్రానికి తాడు రెండు చుట్లు చుట్టి గుంజితే లేవాలి అది. కుడిచెయ్యి ఒడిలో పడుకొని చూస్తూ ఉంది, మూడేళ్ళుగా దానికదే పని. వానాకాలపు ఏటిపోటులో పుట్టికీ బండకూ మధ్య భుజం ఇరుక్కున్న రోజు నుంచి ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవదు. చెవి దాటని చెయ్యి తెడ్డు వెయ్యలేదు. తెడ్డు వెయ్యలేని బెస్తవాడు గట్టున కూర్చొని, ఎవరి పుట్టి ఎటు వంగిందో చెప్పి, తిట్లు తిని, వేపపుల్ల నములుకోవాలి. ఏడాది నమిలాడు. ఆ పుల్లల చేదు ఇప్పటికీ నాలుక వెనక ఉంది. తాత ఈ రేవులో పుట్టి తిప్పాడు, నాయన తిప్పాడు. నాయనైతే ఒక వరదలో పుట్టి కొట్టుకుపోతే, కొట్టుకొచ్చిన గుమ్మడికాయ మీద కూర్చొని నది దాటాడని, దాటి ఆ గుమ్మడికాయనే కోసి అవతలి ఊరికంతా కూర పెట్టాడని, గింజలు ఇంకా ఇంట్లో ఉన్నాయని మాసయ్య ఎన్ని వందలమందికి చెప్పాడో. గింజలు చూపించమని ఒక్కరూ అడగలేదు, మంచివాళ్ళు. అట్లాంటి ఇంట్లోవాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టింది ఆ భుజం. గట్టు మీది నుంచి లేపింది ఈ మోటారు. ఎప్పుడో మొసళ్ళ షికారుకు వచ్చిన దొర ఒకడు సంస్థానం గోదాములో వదిలిపోతే, ఎలుకలు గూడు కట్టుకొని ఉండగా, ఎవరికీ పనికిరాదని ఇతనికి ఇచ్చారు. పనికిరానిది, పనికిరానివాడు, రెండూ కలిసి రెండేళ్ళకు పైగా వనపర్తి దిక్కుకు మనుషులను దాటిస్తున్నాయి, కోడేరు పెండ్లివాళ్ళను, మేకలను, ఒకసారి ఒక అంబోతును. అది పోతే ఇంకొకటి రాదు. ఇంకొక భుజమూ రాదు. కనుక, ఇంకొక్కసారి.

గుంజాడు. చక్రం గిర్రున తిరిగి ఊరుకుంది. ఇంకొక్కసారి. ఊరుకుంది. మూడోసారి గుంజేటప్పుడు పళ్ళు కొరికాడు, పళ్ళతో మోటారు లేస్తుందా, ఏసురత్నం ఉంటే నవ్వేవాడు. "బలం మిషిన్కి గాదు మాసన్నా, బుర్రకు పెట్టు." అయిజ దిక్కు మనిషి, క్రైస్తవ మిషను దవాఖాన కారు నడిపేవాడు. ఒక వానాకాలం ఏరు దిగక దాక్టరమ్మతో పాటు ఎనిమిది రోజులు గుండ్లరేవులో చిక్కుకున్నాడు. ఆ ఎనిమిది రోజుల్లో జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, చేపల పులుసు మాసయ్య ఇంట తిని, బదులుగా మోటారు విద్యంతా గట్టున బోర్లించి పోయాడు. దాన్ని విప్పి, ఎలుక గూడు తీసి, ఒక్కొక్క మరనూ కడిగి గోనె మీద ఆరబెడుతుంటే, కుర్రకుంకలూ ముసలమ్మలూ చుట్టూ చేరి అదేదో గొర్రెను కోసినట్టు చూశారు. "దీనికి నాలుగే ఆకళ్ళు మాసన్నా. నిప్పు, తిండి, నీళ్ళు, గాలి. ఆగిందంటే నాలుగిట్ల ఒగటి అందలేదన్నట్టు. వరుసగ అడుగు, అదే చెప్తది. మిషిన్ అబద్ధం ఆడదు. నువ్వే ఆడతవు." ఆ చివరి ముక్కను మాసయ్య ఆ రోజు పొగడ్త కింద జమ వేసుకున్నాడు.

అడిగాడు మాసయ్య. నిప్పు. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి చేతిలోకి తీసుకున్నాడు, ఒంటిచేత్తో, మోకాళ్ళ మధ్య పానా పట్టి. కొస నల్లగా లేదు, మసి లేదు, నిన్న ఇసుకతో రుద్దిన నునుపు అలాగే ఉంది. వేలు తడిమితే పొడి. ఎండాకాలపు వాగులాగా పొడి. నిప్పు ఉంది, మంటకు తిండి లేదు. అయితే తిండి. ఆముదమా? ఆముదం మీద అతనికి మొదటి రోజు నుంచీ అనుమానమే. లడాయి వచ్చాక మోటారులో పెట్రోలుతో కలిపే నూనె దొరకడం మానేసింది. ఏసురత్నం కబురు పంపాడు, ఆముదం కలుపు, మీ ఊళ్ళో ఆముదాలకేం కరువా అని. పెండ్లాం దేవమ్మ ఆముదాలు వేయించి, రోట్లో దంచి, కుండలో కాచి తీసిన నూనె అది. అప్పటినుంచి మోటారు పోయినంత దూరం పురుడుపోసుకున్న ఇంటి వాసన. ఇప్పుడు ఆగిందే గానీ పొగ ఇంకా గాల్లో ఉంది, ఆ వాసనకు కళ్ళు మూసుకుంటే మాసయ్యకు చిన్నప్పటి అవ్వ కనిపిస్తుంది, ముక్కు మూసి గొంతులో ఆముదం పోస్తూ, కాళ్ళతో అతని కాళ్ళను అదిమిపట్టి. ముక్కు మూస్తే నోరు తెరవక చస్తావా అనేది అవ్వ. ముక్కు మూస్తే, ఆ మాట దగ్గర ఏదో కదిలింది, కానీ నీళ్ళు పడవను ఒక్క కుదుపు కుదిపి దాన్ని తీసుకుపోయాయి. ఆముదం కాదు. నిన్ననే చెయ్యి పెట్టి చూశాడు, కలిసే ఉంది. పైపు కాదు, అదీ నిన్ననే మూత తెరిచి పెట్టి పైపులో నోటితో ఊది చూశాడు, గాలి బుడబుడా పోయింది. మీసాలకు పెట్రోలు అంటి రాత్రి చుట్ట ముట్టించుకుంటుంటే దేవమ్మ చుట్ట లాక్కుని పారేసింది కూడా. నీళ్ళు కాదు, మోటారు ఒంటికి మామూలు వేడే. గాలి కాదు, మోటారు ముక్కుకు ఏదీ అడ్డం లేదు. మరి?

"పదినిమిషాలు అయితున్నది మాసయ్యా," అన్నాడు గొడుగు. గడియారం గొలుసు గలగల వినిపించింది.

"బావా, గుండు అడుగుతున్నది! కోడిని ఇయ్యకపోతివి!" అన్నాడు హన్మంతు.

గుండు. నాలుగు రోజులుగా ఊరంతా అంటున్నది అదే. పూజ తెల్లవారి మోటారు సరిగ్గా నడిమిగుండు ఎదుటే ఆగింది. రెండోసారీ అక్కడే. మూడోసారి, అంటే నిన్న, అక్కడే. మూడుసార్లూ మాసయ్య గుండుకు దండం పెట్టుకొని, కాసేపటికి తాడు గుంజితే లేచింది, లేవగానే వెనక్కి తిప్పుకొని ఇంటికి వచ్చాడు. గట్టు చేరబోతుండగా మళ్ళీ దగ్గింది. గుండులో ఉన్న శక్తి కోడి కోరుతున్నదని హన్మంతు, ఏటిలో చచ్చిన పటేలు మోటారు చప్పుడుకు నిద్ర చెడి ఆపుతున్నాడని ఇంకొకరు. మాసయ్య తక్కువ తిన్నాడా, గుండు కింద బానంత మొసలి ఉందని, మోటారు పొగకు దానికి తుమ్ములు వస్తున్నాయని, అది తుమ్మినప్పుడల్లా మోటారు ఆగుతున్నదని నిన్న సాయంత్రం రేవులో కూర్చొని చెప్పాడు. చెబుతుంటే తనకే నిజమనిపించింది, ఆ నిజంలో హాయిగా నిద్రపోయాడు. కానీ ఇవాళ. మాసయ్య తల తిప్పి చూశాడు. గుండు ఇంకా అంత దూరాన ఉంది. మూడు పగ్గాల దూరమో నాలుగు పగ్గాల దూరమో. ఇవాళ గుండు దాకా రానే లేదు, ఎంతో ఇవతలే ఆగింది. గుండే కారణమైతే ఇంత ఇవతల ఎందుకు ఆగింది, చెయ్యి చాపిందా? గుండు కాదు. మొసలి కాదు. పాపం పటేలు ఆయన మానాన ఆయన చచ్చి ఉన్నాడు.

మరి ఇవాళ ఏం వేరే? నిన్నటి పడవే, నిన్నటి నీళ్ళే. పేష్కారు. పేష్కారు ఎక్కాడు. పెద్దమనిషి బరువా, కాదు, అంబోతును దాటించిన పడవ ఇది. పేష్కారు ఎక్కేముందు, ఆ, ఎక్కేముందు గట్టున నిలబడి, "కట్టు విప్పకుండనే తిప్పు, చప్పుడు ఇంట," అన్నాడు. పడవను గుంజకు కట్టే ఉంచి మోటారు తిప్పాడు, మోటారు గుంజను పీకినంత పని చేసింది, పేష్కారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని సంగీతం విన్నట్టు సగం చుట్ట కాలేంత సేపు విన్నాడు. ఆ తర్వాత కట్టు విప్పారు. ఆ సగం చుట్ట, ఇక్కడి దాకా వచ్చిన ఈ సగం చుట్ట. నిన్న గట్టు నుంచి గుండు దాకా ఒక నిండు చుట్ట. మాసయ్య చేతిలోని ప్లగ్గు జారి ఒడిలో పడింది. చోటు కాదు, సేపు. ఎక్కడున్నా సరే, ఒక చుట్ట కాలేంత సేపు నడిచి ఆగుతున్నది. చుట్ట సేపు తింటున్నది, ఆ తర్వాత తిండి అందడం లేదు. డబ్బాలో తిండి ఉంది. పైపు బాగుంది. ఉన్న తిండి దిగడం లేదు.

ప్లగ్గు మళ్ళీ బిగించాడు. ఇప్పుడు కోరబండల చప్పుడు వినిపిస్తున్నది, దూరాన ఎవరో రాగులు విసురుతున్నట్టు. ఆ గరగరలో దేవమ్మ తిరగలి, దేవమ్మ గాజులు. ఇప్పుడు రేవులో కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకొని నిలబడి ఉంటుంది. రెండేళ్ళు మోటారు మొహం చూడలేదు ఆమె. "నా సవతి" అనేది. గట్టున దానికి గోనె కప్పి పడుకోబెడుతుంటే, నాకు ఎన్నడన్నా గింత మురిపెంగ దుప్పటి కప్పినవా అనేది. రెండు ఆయుధపూజలకూ తెడ్డుకు బొట్టు పెట్టింది, వలకు, కొడవలికి, ఆఖరికి హన్మంతు పుట్టికీ పెట్టింది, దీనికి పెట్టలేదు. ఈ ఎండాకాలం కోడేరులో చెల్లెలికి జ్వరమని కబురొస్తే, హన్మంతు ఊళ్ళో లేక, గతిలేక ఈ పడవెక్కింది. నది దాటినంత సేపూ దానికి వీపు తిప్పే కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం, వేడిగా ఉన్న మోటారు పక్కన వేలితో ఒకసారి ముట్టి, "ఏం కష్టం చేస్తున్నది పాపం," అంది. అంతే. మొన్న పూజనాడు పసుపు గిన్నె తీసుకొని నేరుగా దీని దగ్గరికే వచ్చింది.

"పెట్రోలన్నా ఉన్నదా అండ్ల?" అన్నాడు పేష్కారు. గొంతులో ఇప్పుడు గట్టున కాగితం చదివినవాడి ధీమా లేదు; కృష్ణలో కొట్టుకుపోతున్నవాడి బెదురు ఉంది.

"ఉన్నది సాబ్, చూడుండ్రి," అంటూ మాసయ్య, చూసేవాడు లేకపోయినా, ఇత్తడి డబ్బా మూత తిప్పాడు.

సుప్.

చిన్న చప్పుడు. పసిబిడ్డ పాలు తాగుతూ రొమ్ము వదిలినప్పటి చప్పుడు. ఇంతకుముందు మూడుసార్లూ వచ్చే ఉంటుంది. మూడుసార్లూ గుండుకు దండాలలో, హన్మంతుతో తిట్లలో వినలేదు. మూడుసార్లూ ఆగగానే ముందు మూతే తీశాడు, పెట్రోలు చూశాడు, మూత పెట్టాడు, గుంజితే లేచింది. ఇవాళ మూత తీయకుండా గుంజాడు, లేవలేదు. సుప్. ఎక్కడిదీ చప్పుడు, ఎవరిది, దేన్ని పీలుస్తున్నది? ముక్కు మూస్తే నోరు తెరవక చస్తావా. అవ్వా, ఆగు, అడ్డం రాకు. సుప్. కిరసనాయిలు. కంట్రోలు దుకాణం నుంచి వచ్చిన డబ్బా. హన్మంతు కొత్తగా పెండ్లయిన రోజుల్లో, మగతనం చూపిద్దామని డబ్బాకు మేకుతో ఒక బొక్క కొట్టి వంచితే, నూనె గుటక గుటకగా నాలుగు చుక్కలు పడి ఆగిపోయింది. వంచాడు, ఊపాడు, డబ్బా అడుగున గుద్దాడు, చుక్క లేదు. కొత్తకోడలు ముసిముసి నవ్వులు. దేవమ్మ వచ్చి తమ్ముడి నెత్తిన మొట్టి, మేకు గుంజుకొని, ఆ మూలన ఇంకొక బొక్క కొట్టింది. "ఒక్క బొక్కతోని యాడ పోస్తదిరా తిక్కలోడా, దానికి దమ్ముండొద్దా?" ధార కట్టింది నూనె.

దమ్ము. జర దమ్ము తీసుకుంటున్నది సాబ్. నోటితో తానే అన్నాడు ఇందాక. అబద్ధంగా అన్నాడు. నాలుగో ఆకలి గాలి అంటే మోటారు ముక్కు ఒక్కటే అనుకున్నాడు ఇన్నాళ్ళూ, డబ్బా కూడా ఊపిరి పీల్చాలి, పీల్చుకోవడానికి దాని మూత నెత్తిన ఒక బెజ్జం ఉండాలి, ఉంది కూడా, సూదిమొనంత, ఏసురత్నం గోటితో చూపించాడు, ఇది దీని మాడ మాసన్నా, పసిబిడ్డ నెత్తిన మెత్తటి మాడలెక్క జాగ్రత్త అన్నాడు. మాసయ్య మూతను అరచేతిలో బోర్లించి, మళ్ళీ వెల్లకిల వేసి చూశాడు. మాడ లేదు. మాడ ఉండవలసిన చోట గుండ్రంగా, నిండుగా, ఎర్రగా, చుట్టూ పసుపు గంధంతో, దేవమ్మ పెట్టిన బొట్టు ఉంది.

నీళ్ళకు పోతుందని మైనం పెట్టింది. తనకెట్లా పెట్టుకుంటుందో అట్లాగే, ముందు నొసట మైనం అద్ది, దాని మీద కుంకుమ. ఏటిమీద తిరిగేది, తుంపరలకు బొట్టు చెరిగితే ఎట్లా అని, తన డబ్బీలోంచి తేనెమైనం తీసి, వేళ్ళ మధ్య వెచ్చజేసి, సరిగ్గా మూత నడుమ, చక్కగా, ఒత్తి, ఒత్తి పెట్టింది. పక్కన నిలబడి చూశాడు తనూ. మురిసిపోయాడు కూడా. ఎంత బాగా పెట్టింది. నాలుగు రోజులు కృష్ణ నీళ్ళు కొట్టినా ఒక్క రేణువు చెదరలేదు.

గుండు ఇప్పుడు దగ్గర. దాని మీద పాకురు కనిపిస్తున్నది. మూత వదులుగా పెట్టి పోదామా, కుదుపుకు జారితే ఏరంతా డబ్బాలోకి దిగుతుంది. తుడవాలి. పంచెకొంగు వేలికి చుట్టాడు. చుట్టి ఆగాడు. మాసయ్య బతుకులో చెప్పని అబద్ధం లేదు, తిట్టని తిట్టు లేదు, ఒకసారి అమావాస్యనాడు పుట్టిలో కూర్చొని ఒంటరిగా మేకకాళ్ళ పులుసు కూడా తాగాడు. కానీ బొట్టు తుడవలేదు. బొట్టు ఎప్పుడు తుడుస్తారో ఏటిగట్టు మనిషికి చెప్పాలా, ఎంతమందికి ఆ గట్టునే తుడవగా చూశాడు. ఇన్నాళ్ళకు ముట్టింది ఆమె దీన్ని. మూడో పూజకు సవతిని ముత్తైదువను చేసింది. వెనక తెడ్డు చప్పుడు దగ్గరైంది, పగ్గం చుట్టలు విప్పుతున్న చప్పుడు, "ఇగ ఏస్తున్న బావా!" ఆ గొంతులో ఈసారి ఎకసెక్కం లేదు, భయం ఉంది.

"ఏస్తే నీ చెయ్యి ఇరుగుతది! ఆగు!"

తుడవను. తుడవకుండానే చేస్తాను. కొంగు విదిలించి మొలతాడు తడిమాడు. మొలతాడుకు ముల్లు తీసుకునే చిమటా, దాని పక్కనే ముల్లుసూది, ఎన్ని వందల తుమ్మముళ్ళు తీసిందో. సూదిని పళ్ళతో విప్పాడు. మూతను మోకాళ్ళ మధ్య ఇరికించాడు. ఎర్రటి బొట్టు సరిగ్గా నడుమ సూదిమొన ఆనించి, ముక్కు కుట్టే అవుసలాయన ఊపిరి బిగబట్టినట్టు బిగబట్టి, మెల్లగా, నొప్పి పుట్టనివ్వకుండా, తిప్పాడు. మైనం మెత్తగా దారి ఇచ్చింది. సూది ఇత్తడి బెజ్జంలోకి దిగి అడుగున మిలమిలమంది. తీశాడు. నోటి దగ్గర పెట్టుకొని ఊదాడు. ఊపిరి అటువైపు అరచేతికి చల్లగా తగిలింది. బొట్టు బొట్టుగానే ఉంది, నడుమ ఆవగింజంత చుక్క తప్ప.

మూత బిగించాడు. తాడు చుట్టాడు. ఎడమచేత్తో, పళ్ళు కొరక్కుండా, ఇంకొక్కసారి.

మోటారు లేచింది. లేచి ఎలుగెత్తింది. పడవ ముక్కు గుండుకు బారెడు దూరంలో మళ్ళి, పాకురు మీద తుంపర కొట్టి, ఎదురు నీళ్ళను చీల్చుకుంటూ ఎగువకు లంకించుకుంది. పేష్కారు వెనక్కి పడి, గొడుగు పట్టుకొని లేచి కూర్చున్నాడు. ఆముదపు పొగ హన్మంతును, పుట్టిని, పగ్గాన్ని కప్పేసింది. మాసయ్య సంబరపడలేదు, ఇంకా కాదు. ఒక చుట్ట కాలాలి. మనసులోనే చుట్ట వెలిగించాడు. ముప్పాతిక కాలేసరికి అవతలి గట్టు, ముక్కు మట్టిని ముద్దాడింది, పేష్కారు చేత్తో గట్టు మీది గడ్డిపోచ తెంపుకున్నాడు సాక్ష్యానికి. తిరుగు. నడిమిగుండు ఎడమపక్కన ఇంకా ముందే ఉంది. నిండు చుట్ట, కొస వేళ్ళకు చురుక్కుమంటున్నది, ఇప్పుడు దగ్గాలి, దగ్గితే ఇప్పుడే దగ్గాలి, చెక్కకు పిర్ర ఆనించి విన్నాడు. చెక్కకు ఉలుకు లేదు. చుట్ట అయిపోయింది. రెండో చుట్ట వెలిగించాడు. ఏసన్నా, అడిగిన, వరుసగనే అడిగిన, జర ఆలస్యంగ అడిగిన. మెడగంట దగ్గరవుతున్నది.

రేవులో దిగీ దిగంగానే పేష్కారు బండివాణ్ణి కేకేశాడు, గడ్డి ఎడ్లకు వెయ్యమని. ఆ తర్వాత గొడుగు ముడిచి, జనం ముందు, "ఇంతకు దానికి ఏమైందయ్యా నడుమల?" అన్నాడు.

జనంలో దేవమ్మ ఉంది. మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చి పడవ అంచు పట్టుకొని నిలబడింది. మాసయ్య ఆమెకేసి చూడలేదు.

"జెల్ల చాప, సాబ్," అన్నాడు. "పెట్రోలు మరిగిన జెల్ల. నాలుగు దినాల సంది వెంట వడ్డది. మీసాలు గింత పొడుగు. గీ పైపుకు మూతి పెట్టి గుటగుట గుంజుతున్నది. ఎడమచేత్తో మీసం వట్టి, మూడు సుట్లు తిప్పి ఇసిరేసిన. కోరబండల అవతల వడ్డది. నిషాల ఉండె పాపం, ఈదనీకె కూడ రాలే."

జనం విరగబడి నవ్వారు. పేష్కారు కూడా మీసం కింద నవ్వి, కాగితం జేబులో పెట్టుకున్నాడు.

"ఎనకనే ఉంటి గద బావా, నాకు కనవడలేదేంది?" అన్నాడు హన్మంతు.

"నువ్వు కొంగలు లెక్కవెడుతుంటివి గదరా."

ఎడ్లు గడ్డి నమలడం మొదలుపెట్టాయి. జనం గట్టెక్కుతున్నారు. దేవమ్మ మాత్రం నీళ్ళలోనే నిలబడి మోటారు మూతకేసి చూస్తున్నది, తలను కొంచెం పక్కకు వంచి. చెయ్యి చాపి, చిటికెనవేలి గోటితో బొట్టు నడుమ చుక్కను తడిమింది. మూత లోపలి నుంచి మోటారు వెచ్చని ఊపిరి ఆమె వేలికి తగిలి ఉంటుంది. వేలు తీయలేదు కాసేపు.

"ఏందయ్యో," అంది, ఎవరికీ వినపడకుండా. "ఆ జెల్లకు నొసట బొట్టుండెనా?"

మాసయ్య నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఆ నోట్లో మాటకు కరువు లేదు. గుమ్మడికాయ ఉంది, మొసలి ఉంది, చచ్చిన పటేలు ఉన్నాడు. ఒక్కటీ రాలేదు. వంగి, బిగిసే ఉన్న మరను మళ్ళీ బిగించసాగాడు. దేవమ్మ నడుముకు దోపుకున్న డబ్బీ తీసి, కుంకుమ చిటికెడు తీసుకొని, మైనం జోలికి పోకుండా, ఆ చుక్క మూసుకుపోకుండా, చుట్టూ చెదిరినచోట అద్దింది.